అమెరికా తుపాకీ చట్టాల మీద వాదనకు దిగే ముందు

ఇక్కడ ఎక్కడ కాల్పులు జరిగినా తెల్లారేసరికి ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. అమ్మది ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "మీకు దగ్గరేనా అది?" అని. రెండు వేల కిలోమీటర్ల దూరం అని చెప్తే గానీ కుదుటపడదు. ఈలోపు నాన్న ఫోన్ లాక్కుని "ఇంత పెద్ద దేశం, ఒక్క చట్టం చెయ్యలేరట్రా వీళ్ళు?" అంటారు. వచ్చిన కొత్తలో నేనూ అదే అనేవాణ్ణి. ఒకరోజు ఆఫీసులో భోజనాల దగ్గర ఆ మాట పైకి అనేశాను. ఎదురుగా కూర్చున్న టెక్సాస్ ఆయన "ఏ చట్టం?" అని అడిగాడు. వెటకారం అనుకున్నా, కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి రాస్తున్నా. ఎవరి పక్షాన ఉండాలో చెప్పడానికి కాదు, నాకూ ఒక పక్షం ఉంది, అది చదువుతుంటే మీకే తెలిసిపోతుంది. వార్త రాగానే ఏం అడగాలి, ఎక్కడ ఆగాలి, ఎవరి మాటలో మెలిక ఎక్కడుంటుంది అన్నది మాత్రమే ఇక్కడి విషయం. ఏ చావు, ఏ తుపాకీ, ఏ చట్టం, కోర్టు తేల్చింది ఏ ప్రశ్న అన్నవి తేల్చుకోకుండా దిగితే, మీరు బడి గురించి మాట్లాడుతుంటే అవతలివాడు అర్ధరాత్రి ఇంట్లోకి దూరిన దొంగ గురించి మాట్లాడుతుంటాడు, గంట తర్వాత ఇద్దరికీ బీపీ తప్ప ఏమీ మిగలదు.

లెక్క చెప్పగానే దాన్ని విడగొట్టండి

2023లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్ళు 46,728 మంది, ఇది సీడీసీ, అంటే ఇక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ, ఇచ్చిన లెక్క. వినగానే అందరికీ హత్యలే గుర్తొస్తాయి. కానీ అందులో 27,300 ఆత్మహత్యలు. హత్యలు 17,927. మిగిలినవి ప్రమాదాలు, పోలీసు కాల్పులు, కారణం తేలనివి. అంటే ప్రతి పదిలో దాదాపు ఆరు చావులు టీవీలో కనిపించవు. ఏ చట్టం గురించి మాట్లాడినా ముందు ఇది ఈ మూటలో ఏ ముడిని విప్పుతుంది అని అడగాలి. పెద్ద మ్యాగజైన్ల (తూటాలు నింపి తుపాకీకి తగిలించే పెట్టెల) మీద నిషేధం ఆత్మహత్యలను తగ్గించదు, దానికి ఒక్క తూటా చాలు కదా. కొన్నాక చేతికి రావడానికి కొన్ని రోజులు ఆగాలన్న నిబంధన, బడి మీద దాడికి ఆరు నెలల నుంచి పథకం వేసుకుంటున్నవాణ్ణి ఆపకపోవచ్చు, కానీ ఆ రాత్రికి బతకాలని లేని మనిషికి ఆ రోజులే ప్రాణం పోయవచ్చు.

రెండో మెలిక "మాస్ షూటింగ్" అన్న మాటలో ఉంది. ఒక చోట ఈ ఏడాది వందల్లో జరిగాయని చదువుతారు, ఇంకో చోట వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పక్కర్లేదు. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ వాళ్ళు, కాల్చినవాణ్ణి వదిలేసి నలుగురికి తూటా తగిలితే, చనిపోయినా గాయపడినా సరే, దాన్ని లెక్కేస్తారు. ఫెడరల్ చట్టంలో సామూహిక హత్య అంటే ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది చనిపోవాలి. ఎఫ్‌బీఐ వాడే "యాక్టివ్ షూటర్" అన్న మాటకు అసలు చావుల సంఖ్యతో పని లేదు, జనం ఉన్నచోట ఒకడు చంపే పనిలో ఉంటే చాలు. పార్కింగ్ స్థలంలో రెండు ముఠాలు కాల్చుకోవడం మొదటి లెక్కలోకి వస్తుంది, మిగతా వాటిలోకి రాకపోవచ్చు. కాబట్టి అంకె చూడగానే కింద చిన్న అక్షరాల్లో నిర్వచనం ఎక్కడుందో వెతకండి. లేకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి, నేనైతే పెట్టేస్తా.

తర్వాత తుపాకీ ఏదో అడగండి

మనవాళ్ళు ఇక్కడే ఎక్కువ దొరికిపోతారు. "మెషిన్ గన్లు సంతలో కూరగాయల్లా అమ్ముతున్నారు" అని ఎవరో రాస్తారు. తుపాకీల గురించి కాస్త తెలిసినవాడు అది చదివి, ఇతనికి ఏమీ తెలియదని తేల్చేసుకుంటాడు, ఆ తర్వాత మీరు చెప్పిన మంచి మాట కూడా అతని చెవికెక్కదు.

ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటా మాత్రమే వెళ్ళి, రెండోది దానంతటదే సిద్ధమైతే అది సెమీ ఆటోమేటిక్. నొక్కి పట్టుకుంటే ఆగకుండా వెళ్తే మెషిన్ గన్. మెషిన్ గన్ల మీద 1934 నుంచే ఫెడరల్ చట్టం ఉంది, రిజిస్టర్ చెయ్యాలి, 200 డాలర్ల పన్ను కట్టాలి, ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్ మామూలు పౌరుడి చేతికి రాకూడదు. ఇప్పుడు గొడవంతా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ గురించి, ముఖ్యంగా ఏఆర్-15 గురించి. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, మొదట తయారుచేసిన ఆర్మలైట్ కంపెనీ పేరులోంచి వచ్చిన అక్షరాలు. ఇది చిన్న విషయమే, కానీ మీరు సరిగ్గా అంటే ఎదుటివాడు కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

1994లో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, పదేళ్ళ గడువుతో "అసాల్ట్ వెపన్స్" మీద నిషేధం పెట్టింది, 2004లో అది గడువు తీరి పోయింది. అది ఎలా పనిచేసిందో తెలుసుకుంటే ఈనాటి వాదన సగం అర్థమవుతుంది. కొన్ని మోడళ్ళను పేరు పెట్టి నిషేధించారు, మిగతా వాటిని లక్షణాలను బట్టి. రైఫిల్ మ్యాగజైన్ విడిగా తీసి పెట్టుకునేదై, దానికి తోడు మడిచే వెనక కర్ర, పిస్టల్‌లా పట్టుకునే పిడి, బాయ్‌నెట్ తగిలించే కొక్కెం లాంటివాటిలో రెండు ఉంటే నిషేధం. కంపెనీలు ఏం చేశాయి? కొక్కెం తీసేశాయి, ఇంకోటి తీసేశాయి, అదే యంత్రాన్ని వేరే పేరుతో అమ్మాయి. అప్పటికే జనం దగ్గరున్న తుపాకులకు, పది తూటాలు దాటిన మ్యాగజైన్లకు మినహాయింపు. అందుకే "నిషేధం ఉన్నప్పుడు తగ్గాయి" అనేవాళ్ళూ "ఏమీ మారలేదు" అనేవాళ్ళూ ఇద్దరూ అదే పదేళ్ళను చూపిస్తారు. నిషేధం కావాలనేవాళ్ళు ఇప్పుడు లక్షణాల కన్నా మ్యాగజైన్ సైజు మీద ఎక్కువ పట్టుబడుతున్నారంటే కారణం ఇదే. నాకది తెలివైన పట్టే అనిపిస్తుంది.

నిషేధం వద్దనేవాళ్ళు ఎత్తి చూపే లెక్క కూడా తెలిసుండాలి. 2020 ఎఫ్‌బీఐ గణాంకాల్లో తుపాకీ హత్యల్లో 59 శాతం చేతి తుపాకులతో జరిగాయి, రైఫిళ్ళన్నీ కలిపి 3 శాతం. మూడో వంతుకు పైగా కేసుల్లో ఏ రకమో సరిగ్గా నమోదు కాలేదనుకోండి, అయినా దిశ స్పష్టమే. రోజువారీ హత్యలు తగ్గించాలంటే పిస్టల్ గురించి మాట్లాడాలి. కానీ న్యూటౌన్, యువాల్డీ లాంటి చోట్ల చిన్నపిల్లల తరగతి గదుల్లోకి వచ్చింది ఏఆర్ తరహా రైఫిలే. రెండు నిజాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు.

ఇంకో తాజా సంగతి. 2025 జులైలో వచ్చిన పెద్ద పన్నుల చట్టంలో, సైలెన్సర్ల మీద, పొట్టి గొట్టం రైఫిళ్ళ మీద కూడా ఆ 1934 చట్టమే వేసిన 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు. రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది. 1934 చట్టం నిలబడిందే పన్ను వేసే అధికారం మీద, పన్నే లేనప్పుడు రిజిస్ట్రేషన్ ఎందుకు అని వెంటనే కోర్టుకెళ్ళారు. ఈ కేసుల మీద ఒక కన్నేసి ఉంచండి.

కౌంటర్ దగ్గర జరిగేదేంటో చూడండి

"బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేకుండా అమ్ముతారు" అన్నది సగం నిజం. మా పక్కింటాయన పక్షుల వేటకని షాట్‌గన్ కొంటుంటే తోడు వెళ్ళాను. అంతా కౌంటర్ మీదే జరిగింది. ఫారం నంబరు 4473. పేరు, పుట్టిన తేదీ, తర్వాత అవును, కాదు ప్రశ్నల వరుస. నువ్వు కొంటున్నది నీకేనా? శిక్ష పడిందా? గృహహింస కేసు ఉందా? గంజాయి వాడతావా? ఆ గంజాయి ప్రశ్న కిందే, నీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే అని హెచ్చరిక కూడా ఉంది. ఆయన ఒక్కో గడి నింపుతూ తన రెండో పేరు స్పెల్లింగ్ తప్పు రాసి, కొట్టేసి, షాపతను "అలా కుదరదు, కొత్త ఫారం" అంటే మొత్తం మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ నడిపే చెకింగ్ వ్యవస్థకు వివరాలు వెళ్ళాయి, నిమిషాల్లో జవాబు వచ్చేసింది.

ఈ చెకింగ్ 1993లో వచ్చిన బ్రేడీ చట్టం పుణ్యమే, 1981లో రీగన్ మీద కాల్పుల్లో తలకు తూటా తగిలిన ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీ పేరు మీద. కంప్యూటర్ వ్యవస్థ 1998 నవంబరులో మొదలైంది. ఇందులో రెండు కంతలున్నాయి. మొదటిది, చెక్ చేయాల్సింది లైసెన్స్ ఉన్న డీలరు మాత్రమే. ఒక మామూలు మనిషి తన దగ్గరున్న తుపాకీని అదే రాష్ట్రంలో ఇంకో మామూలు మనిషికి అమ్మితే ఫెడరల్ చట్టం చెక్ అడగదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్నాయి, చాలా రాష్ట్రాల్లో లేదు. దీన్నే "గన్ షో లూప్‌హోల్" (తుపాకుల సంతలో కంత) అంటారు, పేరు తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే గన్ షోలో కూర్చున్న డీలరు కూడా చెక్ చేయాల్సిందే, అసలు తేడా స్థలానిది కాదు, అమ్మేవాడిది. రెండోది, మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే డీలరు అమ్మేయొచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ ఇలాగే చేతికొచ్చింది.

రిజిస్ట్రీ సంగతి వింటే మనకు నమ్మబుద్ధి కాదు. ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో చెప్పే జాతీయ జాబితా ఇక్కడ లేదు, 1986 చట్టం దాన్ని పెట్టకూడదని చెప్తుంది. పాసైన చెక్ రికార్డును 24 గంటల్లో చెరిపేయాలి. నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ళు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ నుంచి ముందు తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తారు, వాళ్ళు టోకు వ్యాపారి పేరు చెప్తారు, అతను షాపు పేరు చెప్తాడు, షాపతను అలమరలోంచి ఆ 4473 తీసి చూస్తాడు. షాపు మూతపడితే కాగితాలు పెట్టెల్లో మార్టిన్స్‌బర్గ్‌కే చేరతాయి. స్కాన్ చేస్తారు గానీ కొన్నవాడి పేరు కొట్టి వెతికే వీలు ఉండకూడదు. ఇంత కంప్యూటర్ల దేశంలో ఇదేం గోల అనిపిస్తుంది. రేపు ప్రభుత్వం మారి ఆ జాబితా పట్టుకుని ఇంటింటికీ వచ్చి తుపాకులు గుంజుకుంటే ఎలా అన్న భయం తుపాకులున్నవాళ్ళది. ఆ భయాన్ని నవ్వి తీసిపారేస్తే మీరు ఈ వాదనను ఎప్పటికీ అర్థం చేసుకోలేరు.

చట్టం ఎవరిదో చూసుకోండి

నాన్న అడిగిన "ఒక్క చట్టం"కి జవాబు ఇక్కడుంది. కాంగ్రెస్ ఒక అంచు గీస్తుంది, మిగతాదంతా రాష్ట్రాల ఇష్టం. యాభైలో 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే పిస్టల్ నడుముకు పెట్టుకుని తిరగొచ్చు, టెక్సాస్ 2021 సెప్టెంబరులో ఆ జాబితాలో చేరింది. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో అదే పని చేస్తే జైలు. కాబట్టి "అమెరికాలో చట్టం ఇలా" అని మొదలయ్యే వాక్యం చాలాసార్లు తప్పు.

కాంగ్రెస్‌లో కదలకపోవడానికి కారణం, వంద మంది ఉండే సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సి రావడం. న్యూటౌన్‌లో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయిన నాలుగు నెలలకు, 2013 ఏప్రిల్‌లో, చెకింగ్‌ను గన్ షోలకు, ఆన్‌లైన్ అమ్మకాలకు విస్తరించే ప్రతిపాదనకు 54 ఓట్లు పడ్డాయి. మెజారిటీ వచ్చింది, ఓడిపోయింది. 2022 జూన్‌లో, యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన నెల రోజులకు, రెండు పార్టీలూ కలిసి ఒక చట్టం తెచ్చాయి. 21 ఏళ్ళ లోపువాళ్ళకు అదనపు చెకింగ్, పెళ్ళి కాని జంటల మధ్య గృహహింసకూ నిషేధం వర్తింపు, రాష్ట్రాల రెడ్ ఫ్లాగ్ చట్టాలకు డబ్బు. అంతే. కానీ దాదాపు ముప్పై ఏళ్ళలో అంతకు మించింది ఏదీ రాలేదు.

రెడ్ ఫ్లాగ్ అంటే, ఒక మనిషి తనకో ఇతరులకో హాని చేసేలా ఉన్నాడని కుటుంబమో పోలీసులో చెప్తే, జడ్జి ఆదేశంతో అతని తుపాకులు కొంతకాలం తీసి పెట్టడం. 1999లో కనెటికట్ మొదలుపెట్టింది. పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో కాల్పుల తర్వాత 2018లో ఫ్లోరిడా, అదీ రిపబ్లికన్ గవర్నరు సంతకంతో, తెచ్చుకుంది. మెయిన్ రాష్ట్రం మాత్రం "యెల్లో ఫ్లాగ్" అని డాక్టర్ పరీక్ష కూడా కావాలన్న మెత్తటి చట్టం పెట్టుకుంది. 2023లో అక్కడి లూయిస్టన్‌లో 18 మంది చనిపోయాక, 2025 నవంబరులో ఓటర్లే నేరుగా రెడ్ ఫ్లాగ్‌కి ఓటేశారు. దీన్ని వ్యతిరేకించేవాళ్ళ బలమైన వాదన, నా మాట వినకుండానే మొదటి ఆదేశం ఎలా ఇస్తారని. అది కొట్టిపారేసేది కాదు. అందుకే ఏ రాష్ట్ర చట్టం చూసినా, మొదటి ఆదేశానికి ఎంత రుజువు కావాలి, పూర్తి విచారణ ఎన్ని రోజుల్లో పెట్టాలి అన్న రెండే చూడండి, చట్టం మంచిచెడ్డలు అక్కడే తెలిసిపోతాయి.

కోర్టు తీర్పు వస్తే శీర్షిక దగ్గర ఆగిపోకండి

అమెరికా రాజ్యాంగానికి రెండో సవరణ 1791 నాటిది, ఇంగ్లిష్‌లో 27 మాటలు. మొదటి సగంలో క్రమశిక్షణ గల మిలీషియా (పౌరుల దళం) ఉంది, రెండో సగంలో ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కు ఉంది. రెండు వందల ఏళ్ళ గొడవ ఆ మధ్య కామా దగ్గరే. 2008లో హెల్లర్ కేసులో 5-4 మెజారిటీతో ఇది వ్యక్తి హక్కే అని, ఇంట్లో ఆత్మరక్షణకు పిస్టల్ ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో, నేరస్థులకు నిషేధం, బడుల్లాంటి చోట్ల నిషేధం సరైనవేనని కూడా రాశారు, ఆ పేరా ఎవరూ చదవరు. 2010లో మెక్‌డొనాల్డ్ కేసుతో ఇది రాష్ట్రాలకూ వర్తించింది.

అసలు మలుపు 2022 జూన్‌లో వచ్చిన బ్రూయెన్ తీర్పు. బయట పిస్టల్ పెట్టుకోవాలంటే ప్రత్యేక కారణం చూపించాలన్న న్యూయార్క్ చట్టాన్ని 6-3తో కొట్టేశారు. అంతకన్నా ముఖ్యం, కొలబద్ద మార్చారు. అంతకుముందు కింది కోర్టులు ఈ చట్టం వల్ల ప్రాణాలు నిలుస్తాయా, హక్కుకు ఎంత నష్టం అని తూకం వేసేవి. ఇకనుంచి తూకం లేదు, దేశ చరిత్రలో ఇలాంటి నియంత్రణల సంప్రదాయం ఉందో లేదో ప్రభుత్వం చూపించాలి. దాంతో ప్రభుత్వ లాయర్లు 1700ల నాటి పాత చట్టాలు తవ్వుకుంటూ కూర్చున్నారు. ఒక అప్పీలు కోర్టు ఆ కొలబద్ద పట్టుకుని, గృహహింస ఆదేశం ఉన్నవాడికి తుపాకీ నిషేధించడం కూడా చెల్లదంది! 2024 జూన్‌లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని తిప్పేసింది. పాతకాలపు చట్టం అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదు, సూత్రం కలిస్తే చాలు అంది. ఆ ఒక్క అసమ్మతి ఎవరిది అనుకున్నారు, బ్రూయెన్ తీర్పు రాసిన జస్టిస్ థామస్‌దే.

కొత్తగా చూసేవాళ్ళు తప్పటడుగు వేసేది మాత్రం వేరే చోట. బంప్ స్టాక్ అని ఒక పరికరం, సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ని దాదాపు మెషిన్ గన్ వేగంతో కాల్చనిస్తుంది, 2017లో లాస్ వేగస్‌లో వాడింది అదే. ట్రంప్ మొదటి ప్రభుత్వమే నిబంధనతో దాన్ని నిషేధించింది. 2024లో సుప్రీంకోర్టు 6-3తో ఆ నిబంధన కొట్టేసింది. "బంప్ స్టాక్ రాజ్యాంగ హక్కు" అని అర్థం వచ్చేలా ఎన్ని పోస్టులు చూశానో. కోర్టు అన్నది అది కాదు. 1934 చట్టంలో "ట్రిగ్గర్ ఒక్క కదలికతో" అన్న మాటకు ఇది సరిపోదు, కాబట్టి అధికారులు సొంతంగా నిషేధించలేరు అంది. కాంగ్రెస్ రేపు చట్టం చేస్తే నిషేధించొచ్చు. అలాగే 2025 మార్చిలో విడిభాగాల కిట్లతో ఇంట్లో బిగించుకునే, సీరియల్ నంబరు లేని "ఘోస్ట్ గన్"ల మీద నిబంధనను 7-2తో నిలబెట్టింది, అదీ చట్టంలోని మాటల అర్థం మీదే. కాబట్టి ఏ తీర్పు వచ్చినా ఇది రాజ్యాంగం గురించా, చట్టంలో ఒక మాట గురించా అని చూడండి. మొదటిదైతే దాదాపు శాశ్వతం, రెండోదైతే బంతి కాంగ్రెస్ కోర్టులో ఉన్నట్టే.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకున్న రెండు కేసులు కూడా గుర్తుపెట్టుకోండి. ఒకటి హవాయిది. అక్కడ పర్మిట్ ఉన్నవాడైనా సరే, యజమాని అనుమతి స్పష్టంగా ఉంటే తప్ప షాపులోకి తుపాకీతో వెళ్ళకూడదన్న చట్టం గురించి. చాలా రాష్ట్రాల్లో ఇది తిరగేసి ఉంటుంది, వద్దని బోర్డు పెడితేనే ఆగాలి. చూడ్డానికి బోర్డు గొడవే, కానీ బోర్డు లేని వేల షాపుల సంగతి దాంట్లో తేలుతుంది. రెండోది గంజాయి లాంటివి వాడేవాళ్ళకు తుపాకీ నిషేధం చెల్లుతుందా అన్నది, పైన చెప్పిన ఫారం ప్రశ్నే.

రెండు వైపులా అరిగిపోయిన మాటలు

"షికాగోలో అన్ని చట్టాలున్నా హత్యలు ఆగట్లేదుగా" అంటారు. నగరం 2017లో వేసిన నివేదిక ప్రకారం అక్కడ దొరికిన నేరపు తుపాకుల్లో సగానికి పైగా రాష్ట్రం బయట నుంచి వచ్చినవి, ముందు వరసలో పక్కనున్న ఇండియానా. జనాభాతో భాగిస్తే సెయింట్ లూయిస్, మెంఫిస్ లాంటివి షికాగోని ఎప్పుడో దాటేశాయి. అటు వైపు "ఆస్ట్రేలియాలా చెయ్యండి" అంటారు. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది, నిజమే. అక్కడ రెండో సవరణ లేదు. ఇక్కడ పౌరుల చేతుల్లో ఉన్నవి 2017 అంచనాకే 39 కోట్లు దాటాయి, జనం కన్నా ఎక్కువ. "అంతా మానసిక జబ్బు వల్లే" అన్నది ఇంకోటి. జబ్బున్నవాళ్ళలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు, తుపాకీతో వాళ్ళకున్న ప్రమాదం ఎక్కువగా వాళ్ళ ప్రాణానికే.

పరిశోధనల పేరు చెప్పేవాళ్ళ కోసం ఒక్క మాట. ర్యాండ్ సంస్థ ఏళ్ళ తరబడి అధ్యయనాలన్నీ వడపోసి, ఏ చట్టానికి ఎంత రుజువు ఉందో పట్టిక వేస్తుంది. చాలా గడుల్లో "తేలలేదు" అనే ఉంటుంది, 1996 తర్వాత సీడీసీ ఈ పరిశోధనకు రెండు దశాబ్దాల పాటు దాదాపు డబ్బే పెట్టకపోవడం అందుకో కారణం. గట్టిగా రుజువున్న వాటిలో ఒకటి, తుపాకీ పిల్లల చేతికి అందకుండా దాచాలన్న చట్టాలు పిల్లల ఆత్మహత్యలను, ప్రమాదాలను తగ్గిస్తాయని. ఇంకోటి, వెనక్కి తగ్గక్కర్లేదు, కాల్చొచ్చు అనే "స్టాండ్ యువర్ గ్రౌండ్" చట్టాలు హత్యలను పెంచుతాయని.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది మాత్రం రెండుసార్లు చదవండి

పక్కింటాయన ఒక శనివారం "రా, రేంజ్‌లో కాల్చి చూద్దువుగాని" అన్నాడు. అప్పుడు నాది హెచ్-1బీ. సరదాగానే ఉంటుందని షూ వేసుకుని కారెక్కబోతుంటే, ఎందుకో అనుమానం వచ్చి ఒక లాయర్ స్నేహితుడికి ఫోన్ చేశా. "దిగు కారు" అన్నాడు.

ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. రాష్ట్రం ఎంత ఉదారమైనదైనా సరే. మినహాయింపులున్నాయి, అందులో అందరికీ తెలిసింది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకోవడం కూడా దగ్గర పెట్టుకోవడం కిందే వస్తుంది. ఇదేదో పుస్తకాల్లో మాట కాదు, ఫ్లోరిడాలో చదువు ఆగిపోయి వీసా హోదా పోయిన ఒక విదేశీ విద్యార్థి రేంజ్‌కి వెళ్ళి కాల్చినందుకు కేసై, 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, రెహైఫ్ కేసు అంటారు. తన హోదా పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలి అని కోర్టు అంది, నిషేధాన్ని మాత్రం ముట్టుకోలేదు. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. మీ పరిస్థితి మధ్యలో ఎక్కడో ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, స్నేహితుణ్ణి కాదు. రేంజ్‌లో ఫొటో దిగి పెట్టడం అసలు వద్దు.

రేపటికి చేయగలిగింది

వాదన ఎటు తేలినా మీ ఇంట్లో పిల్లలుంటే ఒక ప్రశ్న అడగడం నేర్చుకోవాలి. 2023లో ప్యూ సర్వేలో 32 శాతం పెద్దవాళ్ళు తమకు సొంత తుపాకీ ఉందన్నారు, ఇంట్లో ఎవరో ఒకరికి ఉన్నవాళ్ళు పదిలో నలుగురు. అంటే మీ అమ్మాయి ఆడుకోవడానికి వెళ్ళే ఇళ్ళలో కొన్నింట్లో ఉన్నట్టే. 2021లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థుల్ని చంపిన కుర్రాడి తల్లిదండ్రులకు 2024లో శిక్ష పడింది, ఇంట్లో తుపాకీ భద్రం చేయలేదన్నది అందులో పెద్ద విషయం.

అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది, తెలుసు. మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి మొదటిసారి పంపేటప్పుడు ఆ తల్లికి మెసేజ్ టైప్ చేసి, చెరిపి, మళ్ళీ టైప్ చేసి, వేరుశనగ ఎలర్జీ గురించి చెప్పాక అదే వరుసలో కలిపేశాను: "ఇంట్లో తుపాకులుంటే తాళం వేసే ఉంటాయి కదండీ?" అని. రెండు నిమిషాలు ఏమీ రాలేదు, నాకు టెన్షన్. తర్వాత వచ్చింది. "రెండున్నాయి, సేఫ్‌లో. తూటాలు వేరే పెట్టెలో, ఆ తాళం నా దగ్గరే. మీ పాపకి కుక్కలంటే భయమా?"